యానాం నుంచి వచ్చిన మూడు కత్తులు

నేను బతుకంతా కత్తులకు పిడులు వేశాను. ఈ మాట చెబితే ఇప్పటివాళ్ళు, అది కూడా ఒక పనేనా అన్నట్టు చూస్తారు. మా అన్న మనవడు బెంగళూరులో వంటసామాను చేసే కార్ఖానాలో చేరాడు. అక్కడ రోజుకు కొన్ని వందల పిడులు అచ్చుల్లోంచి ఊడిపడతాయట. "చిన్నతాతా, నీ పని గురించి రాసిపెట్టు, మాలాంటోళ్ళం చదువుకుంటాం" అన్నాడు.

ఎవరెవరి బంగళాలకు పనిచేశానో, ఎవరు మెచ్చుకున్నారో రాయను. దానివల్ల ఎవరికీ ఏమీ రాదు. నాకు పని నేర్పినవి మూడు ఫ్రెంచి కత్తులు. అందులో ఒకదానికి నేను ద్రోహం చేశాను. రాయవలసింది అదొక్కటే.

ఉస్తాద్

మాది హగరి ఏటి దగ్గర పల్లె. వడ్రంగం ఇంటి పని. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తలో, ఇరవై రెండో ఏట, కంటోన్మెంట్‌లో ఖాదర్ ఉస్తాద్ దగ్గర చేరాను. ఇనుము పని ఆయనది, కొయ్య పని నాది. బంగళాల వంటిళ్ళ నుంచి, ఆసుపత్రి వంటసాల నుంచి, మటన్ అంగళ్ళ నుంచి కత్తులు వచ్చేవి. దర్జీల కత్తెరలూ వచ్చేవి.

ఉస్తాద్ గొప్ప పనివాడు. మంచి గురువు మాత్రం కాదు. "ఇట్ల చెయ్" అనేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు. అడిగితే "చేస్తే నీకే తెలుస్తాది" అని సాన వైపు తిరిగేవాడు. చేరిన వారానికే నేనొక కూరగాయల కత్తి తోకను కొలిమిలో ఎర్రగా కాల్చి పిడిలోకి దించబోయాను. మా పల్లెలో కొడవళ్ళకు అలాగే చేసేవాళ్ళం. ఉస్తాద్ నా చేతిలోంచి దాన్ని లాక్కున్నాడు.

"ఏం ఈరన్నా, కత్తిని కాలుస్తాండావా, రొట్టెను కాలుస్తాండావా? తోక కాలితే మెడ కాలుతాది. మెడ కాలితే పదును పోతాది. కొడవలి కాదప్పా ఇది!"

కోపం వస్తే తప్ప ఆయన నోట్లోంచి కారణం బయటికి వచ్చేది కాదు. నా అభిప్రాయం ఏమిటంటే, పని తెలిసినవాడు కారణం కూడా చెప్పాలి. చెప్పకపోతే నేర్చుకునేవాడికి పెద్దాయన మీద భయం మిగులుతుంది, పని మీద భక్తి కుదరదు. నాకు జరిగింది అదే. ఉస్తాద్ ఎదురుగా ఉన్నంతసేపూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసేవాణ్ణి. ఆయన లేనప్పుడు నా చేతికి తోచినట్టు చేసేవాణ్ణి.

కత్తి లోపల

దానియేలు గారు మా దుకాణానికి వచ్చినప్పుడు ఆయనకు యాభై దాటి ఉంటాయి. పొడుగ్గా, సన్నగా, తెల్లటి చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉండేవారు. ఊరు యానాం. అక్కడ ఒక ఫ్రెంచి దొర ఇంట్లో పాతికేళ్ళు వంట చేశారు. ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళిపోయేటప్పుడు ఆ దొరసాని తన వంటింటి కత్తులు మూడు ఆయన చేతిలో పెట్టి వెళ్ళిందట. ఆయన కూతురు మరియమ్మ బళ్ళారిలో ఒక ఆసుపత్రిలో నర్సు. భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేసి, కంటోన్మెంట్‌లో ఒక క్లబ్బులో వంటకు కుదిరారు.

ఉన్నిగుడ్డ విప్పి మూడు కత్తులూ మా బల్ల మీద పెట్టారు. పెద్దది మూరకు కొంచెం తక్కువ. నడిమిది జానెడున్నర. చిన్నది అరచేతి పొడవు. ఉక్కు తెల్లగా మెరవడం లేదు. వాన మబ్బు రంగులో ఉంది. నేను అది మురికి అనుకుని ఇసుక కాగితం అందుకున్నాను.

"ఆగవయ్యా అబ్బాయ్, అది మురికి కాదు. దానికి ఆ రంగు రావడానికి నా వయసంత కాలం పట్టింది" అన్నారాయన.

తరవాత నా చూపుడు వేలు పట్టుకుని, దాని మీద నడిమి కత్తిని అడ్డంగా ఆనించారు. అలుగుకీ పిడికీ నడుమ లావుగా ఉబ్బిన ఇనుప మెడ నా వేలి మీద ఆనింది. కత్తి అటూ ఇటూ ఒరగకుండా తక్కెడలా నిలిచింది.

"చూశావా? బరువంతా మెడలో ఉంది. చెయ్యి నొప్పి పుట్టదు."

ఆ తరవాత ఏడాది తిరిగేసరికి ఆ కత్తుల పిడులు ఒక్కొక్కటే విప్పి చూసే అదృష్టం నాకు దొరికింది. అలుగు, మెడ, తోక మూడూ ఒకే ఇనుప కడ్డీ నుంచి సుత్తితో సాగదీసినవి. ఎక్కడా అతుకు లేదు. అలుగు మెడ దగ్గర రూపాయి బిళ్ళ కన్నా మందంగా మొదలై, కొనకు వచ్చేసరికి కాగితంలా పలచబడుతుంది. తోక కూడా వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది.

పెద్ద కత్తిది తెరిచిన పిడి. తోక బద్దలా వెడల్పుగా పిడి చివరిదాకా వస్తుంది. దానికి అటొక చెక్క, ఇటొక చెక్క వేసి, మూడు ఇత్తడి సీలలు దించి, తలలు చెక్కతో సమంగా ఆకురాయితో అరగదీశారు. కళ్ళు మూసుకుని తడిమితే సీల ఎక్కడుందో గోటికి కూడా తెలియదు. చుట్టూ అంచున ఇనుము కనబడుతూనే ఉంటుంది కాబట్టి తుప్పు పడితే దాగదు.

మిగతా రెండూ మూసిన పిడులు. తోక సన్నటి చువ్వలా ఉంటుంది. పిడి ఒకటే నల్లచేవ ముక్క. దానికి నిలువునా చిల్లు వేసి, తోకను లోపలికి దించి, ముందువైపు తెల్ల లోహపు కట్టు తొడిగి, అడ్డంగా ఒక్క సన్న సీలతో బిగించారు. పిడి నడుమ కొద్దిగా ఉబ్బి, చివర కిందికి వంగి ఉంటుంది. తడి చేతిలోంచి జారిపోకుండా ఆ వంపు. అంతకంటే అందమైన పిడిని నేను ఇప్పటికీ చూడలేదు. అయితే దాని లోపల ఏముందో వేసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

చిన్నదాని పిడి బీటలిచ్చి ఉంటే మొదట అదే మార్చాను. సండూరు కొండల వైపు నుంచి తెప్పించిన తుమికి చెట్టు చేవ వాడాను. చేవ పచ్చిగా ఉందని తెలుసుకోలేకపోయాను. బళ్ళారి ఎండకు నెల తిరక్కుండా పగిలింది. దానియేలు గారు నవ్వుతూ తెచ్చి చూపించారు. "కొయ్యకి ఓపిక కావాలయ్యా. దాన్ని నీడలో పడేసి మర్చిపో. అదే చెబుతుంది నేను సిద్ధం అని."

మళ్ళీ వేశాను. ఈసారి నిలిచింది. అప్పటినుంచి ఆయన మధ్యాహ్నాలు తీరిక దొరికితే వచ్చి మా బల్ల దగ్గర కూర్చునేవారు. ఉల్లిపాయను ఎన్ని రకాలుగా తరగవచ్చో, ఎముకకు పిడి వైపు అంచు, అంటే కత్తి మడమ, ఎందుకు వాడాలో, కొన ఎందుకు వాడకూడదో చెప్పేవారు. ఉస్తాద్ ఎన్నడూ చెప్పని కారణాలు నాకు ఆయన దగ్గర దొరికాయి. వయసులో తండ్రంతటివాడు. నన్ను పనివాడిగా లెక్కచేసి మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

ఒక్క మాట

మరుసటేడు ఎండాకాలంలో నడిమి కత్తి పిడి వదులైందని తెచ్చారు. అప్పుడు ఉస్తాద్ ఊళ్ళో లేడు. సిరుగుప్పలో ఉన్న కూతురికి జబ్బు చేసిందని వెళ్ళాడు.

"రేపటికి ఇవ్వగలవా? క్లబ్బులో పెద్ద విందు ఉంది. ఈ కత్తి లేకపోతే నాకు చెయ్యి లేనట్టే" అన్నారు దానియేలు గారు.

ఇస్తానన్నాను. అడ్డసీల కొట్టి, పిడి ఊడబెరికాను. తోక బయటపడింది. మెడ దగ్గర నీళ్ళు దూరి దూరి లోపల తుప్పు తిన్నది. ఆకురాయితో గీరితే పొరలు పొరలుగా రాలింది. మెడను ఆనుకుని ఉన్నచోట, బలం ఎక్కువ ఉండవలసిన చోటే, సగం మిగిలింది.

అప్పుడు చేయవలసింది తేలిక. ఆయన్ను పిలిచి చూపించాలి. ఇది ఎముక మీద వాడవద్దు, ఉస్తాద్ వచ్చేదాకా ఆగండి అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ రేపటికి ఇస్తానన్నాను. ఆయన నన్ను మెచ్చుకుంటారు. చేతకాలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఇంకో సంగతి కూడా దాచకుండా రాయాలి. నా దగ్గర అప్పుడొక మంచి చేవ ముక్క ఉంది. ఏడాదిపాటు నీడలో ఆరింది. దానితో ఆ వంపు పిడి చెక్కాలని చేతులు ఉబలాటపడుతున్నాయి.

చెక్కాను. గుగ్గిలం కరిగించి, ఇటుకపొడి కలిపి చిల్లులో పోసి తోక దించాను. తుప్పు తిన్న సందులన్నీ ఆ ముద్దతో నిండిపోయాయి. కట్టు తొడిగి, సీల వేసి, లక్క రాసి మెరుగు పెట్టాను. కదిపి చూస్తే కొండలా ఉంది. నా చేతి మీదుగా అంత మంచి పిడి అంతకుముందు రాలేదు.

మరునాడు పొద్దున ఆయన వచ్చి పిడిని చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు తిప్పి చూశారు. "యానాంలో దొరగారు చూసి ఉంటే నిన్ను వాళ్ళ దేశం తీసుకుపోయేవారు" అన్నారు. తరవాత మామూలుగా అడిగారు.

"లోపల తుప్పేమన్నా ఉందా అబ్బాయ్?"

"లేదు సార్. ఇనుము బాగా ఉండాది" అన్నాను.

పది రోజులు గడిచాయి. క్లబ్బులో గిన్నెలు కడిగే మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఈరన్నా, వంటాయన చెయ్యి తెగిపోయె! ఆసుపత్రికి తీస్కపోయినారు" అన్నాడు. మేక వెన్నెముక మీద కత్తి మడమ ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కారట. మెడ దగ్గర తోక విరిగి పిడి చేతిలోకి వచ్చేసింది. అలుగు తిరగబడింది. ఆ బరువుతోనే అరచెయ్యి దాని మీద పడింది.

ఉస్తాద్ చూశాడు

రెండు రోజులకు ఉస్తాద్ సిరుగుప్ప నుంచి వచ్చాడు. ఊడిన పిడిని ఎవరో దుకాణంలో పెట్టి వెళ్ళారు. ఆయన దాన్ని పట్టుకుని, ఉలి పెట్టి నిలువునా చీల్చాడు. గుగ్గిలంతో పాటు ఎర్రటి పొడి బల్ల మీద రాలింది. వేలితో దాన్ని రుద్ది చూశాడు.

"నీకు కనపడిందా?"

"కనపడింది ఉస్తాద్."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని క్లబ్బుకు వెళ్ళాడు. తప్పు తన దుకాణానిదని అక్కడి సెక్రటరీకి చెప్పాడు. దానియేలు గారి పని తీసేయవద్దని అడిగాడట. సెక్రటరీ అప్పటికే ఇంకొక వంటవాణ్ణి పెట్టుకున్నాడు. ఒంటిచేతి వంటవాడు ఎందుకు పనికొస్తాడన్నాడట. ఆ మాట ఉస్తాద్ నాతో చెప్పలేదు. వేరేవాళ్ళు చెప్పారు.

ఉస్తాద్ ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఎదురుగా కూర్చుని పనిచేస్తూనే ఉన్నాను. తొమ్మిదో రోజు సాన ఆపి అన్నాడు. "ఈరన్నా, పో. పోయి ఆయనకు చెప్పు. నేను చెప్తే అది నా మాట అయితాది. నువ్వు చేసినావు, నువ్వే చెప్పల్ల."

ఉస్తాద్ గురించి పైన కటువుగా రాశాను. అది తీసేయను. కానీ ఆ రోజు ఆయన నేర్పినదాన్ని ఇంకెవరూ నేర్పలేరు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు దానియేలు గారు. కుడిచేతికి కట్టు. చూపుడు వేలు, నడిమి వేలు ఇక వంగవని డాక్టరు చెప్పేశాడు. నన్ను చూసి జరిగి, పక్కన చోటిచ్చారు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. తుప్పు చూశానని, దాచానని, అబద్ధం చెప్పానని.

ఆయన కట్టు వైపు చూసుకున్నారు.

"ఇనుమన్నాక తుప్పు పడుతుందయ్యా. దానికి నిన్నేమీ అనను. పిడి వెయ్యడం రాక పొరపాటు చేసినా ఏమీ అనను. కానీ నేను అడిగాను కదా? అడిగాను కదా నిన్ను?"

నేను తల వంచుకున్నాను.

"తుప్పు ఉందని నువ్వు చెబితే దాంతో కొత్తిమీర తరుక్కునేవాణ్ణి. అంతే కదా."

గొంతు పెంచలేదు. క్షమించానని కూడా అనలేదు. మరియమ్మ మందుగ్లాసుతో అటుగా వస్తుంటే ఆయన మాట మార్చేశారు. "ఈయన కత్తుల దుకాణంలో పనిచేసే ఈరన్న. చూడ్డానికి వచ్చాడు" అన్నారు. ఆమె నాకు నమస్కారం పెట్టింది. ఆ నమస్కారం తీసుకోవడం ఎంత కష్టమో రాయలేను.

రెండు వేళ్ళ పిడి

కట్టు విప్పిన నెలకు ఆయన చిన్న కత్తి తీసుకుని దుకాణానికి వచ్చారు. నేను లేచి నిలబడ్డాను.

"దీన్ని నా చెయ్యి పట్టుకునేలా చెయ్యగలవా?"

నన్నే ఎందుకు అడిగారో తెలియదు. ఆ ఊళ్ళో పిడులు వేసేవాడు వేరే ఎవరూ లేకపోవడమే కారణమేమో. నేను దాన్ని మన్నన అనుకోలేదు.

తడిబంకమట్టి ఆయన అరచేతిలో పెట్టి పట్టుకోమన్నాను. బొటనవేలూ చివరి రెండు వేళ్ళూ మూసుకున్నాయి. చూపుడు వేలూ నడిమి వేలూ కొయ్యముక్కల్లా చాచుకుని ఉండిపోయాయి. ఆ మట్టి ముద్దను చూస్తూ చెక్కాను. మొదటి పిడి లావైంది. రెండోది జారింది. మూడోది కుదిరింది. చూడ్డానికి చాలా అనాకారి. ఒకవైపు బుడిపె, ఒకవైపు పల్లం, పైన చాచిన వేళ్ళకు ఆనుడు. లోపల తోక శుభ్రంగా ఉంది. బిగించే ముందు ఆయనకు చూపించాను. ఆయన చూడలేదు. మొహం తిప్పుకుని "సరే, కానీ" అన్నారు.

మా బల్ల మీదే ఒక ఉల్లిపాయ తరిగారు. ముక్కలు కొన్ని లావు, కొన్ని సన్నం. వాటిని ఎడమచేత్తో పక్కకు నెట్టి, "ఇవి దొరగారి బల్ల మీదకి పంపితే ఆ రోజే నన్ను ఇంటికి పంపేసేవారు" అని నవ్వబోయారు. నవ్వు రాలేదు. ఉస్తాద్ లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆయన మళ్ళీ ఎక్కడా వంటకు కుదరలేదు. కూతురు పనికి పోయి వచ్చేసరికి కూరగాయలు తరిగిపెట్టేవారట. పెద్ద కత్తిని ఆసుపత్రి వంటసాలకు ఇచ్చేశారు. విరిగిన అలుగు ఏం చేశారో నేను అడగలేదు. మూడేళ్ళకు జ్వరంతో పోయారు. సమాధుల దొడ్డి గోడ బయట నిలబడ్డాను. లోపలికి వెళ్ళలేకపోయాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇక్కడ ఒక మాట. మీ పిడులు ప్లాస్టిక్‌వి కావచ్చు, తుప్పు పట్టని ఉక్కు కావచ్చు. మూసేసిన తరవాత కనబడనిది ఏదో ఒకటి ప్రతి పనిలోనూ ఉంటుంది. కొనుక్కునేవాడు దాన్ని చూడలేడు. మిమ్మల్ని అడగగలడు, అంతే. చాలామంది అడగరు కూడా. అడగకపోయినా చెప్పాలి.

మరియమ్మ

ఆయన పోయిన ఏడాదికి మరియమ్మ దుకాణానికి వచ్చింది. సంచిలోంచి ఆ చిన్న కత్తి తీసింది. అనాకారి పిడి ఆయన బొటనవేలు ఆనేచోట నున్నగా అరిగి, గుంటపడి ఉంది.

"నాన్న చేతికి చేశారు కదండీ ఇది, నాకు పట్టు దొరకడం లేదు. మామూలు పిడి వేస్తారా?" అంది.

కూర్చోమన్నాను. సీల కొట్టబోయి ఆగాను. "అమ్మా, నాన్నకు దెబ్బ ఎట్లా తగిలిందో మీకు చెప్పినారా?"

"కత్తి జారిందన్నారు. వయసు మీద పడింది, చూసుకోలేదు అన్నారు."

మూడేళ్ళు. ఒకే ఇంట్లో ఉండి కూతురికి కూడా నా పేరు చెప్పలేదు. ఉస్తాద్ సాన ఆపి నా వైపు చూశాడు. నేను ఏమీ అనకుండా పిడి మార్చి ఇచ్చేస్తే ఆమె నమస్కారం పెట్టి వెళ్ళిపోయేది.

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆయన అడిగిన మాట, నేను ఇచ్చిన జవాబు కూడా.

ఆమె ఏడవలేదు. చేతిలోని సంచిని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. "తప్పు తనదే అనుకుంటూ పోయారేమో అని నేను బాధపడేదాన్ని" అంది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను.

"పని కానివ్వండి. నేను ఇక్కడే ఉంటాను" అంది.

పాత పిడి ఊడదీసి పక్కన పెట్టాను. ఆమె దాన్ని తీసుకుని సంచిలో వేసుకుంది. నేను కొత్త పిడికి చిల్లు వేసి, గుగ్గిలం కరిగించి, తోక దించబోతుంటే "ఆగండి" అంది. బల్ల దగ్గరికి వచ్చి, కత్తి నా చేతిలోంచి తీసుకుంది. వెలుగులోకి తిప్పి, మెడ నుంచి చివరిదాకా తోకను వేలితో తడిమి చూసింది. ఇంకోవైపు తిప్పి మళ్ళీ చూసింది.

అప్పుడు కత్తి నాకు తిరిగి ఇచ్చి, "ఇప్పుడు మూయండి" అంది.